హైదరాబాద్ టౌన్ హాల్: పాత అసెంబ్లీ భవనం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అసెంబ్లీ అనగానే టీవీ వార్తల్లో కనిపించే తెల్లటి గుమ్మటాలు అందరికీ తెలుసు. ఆ భవనాన్ని అసెంబ్లీ కోసం కట్టలేదని, నగర ప్రజల చందాలతో లేచిన టౌన్ హాల్ అదేనని తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. నాకు ఈ నగరంలోని పాత కట్టడాలంటే ప్రాణం. ఆ సంగతి తెలిసి స్నేహితులు, బంధువులు, పిల్లల స్కూల్ ప్రాజెక్టు కోసం ఫోన్ చేసే తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాను.

హైదరాబాద్‌కు టౌన్ హాల్ ఉందా? ఎక్కడ?

ఉంది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌ను ఆనుకుని, రవీంద్రభారతికి దగ్గర్లో, తెలంగాణ శాసనసభ ప్రాంగణంలో ఉంది. మనం పాత అసెంబ్లీ భవనం అంటున్నది దాన్నే. పబ్లిక్ గార్డెన్స్‌ను పాతకాలం వాళ్లు బాగ్-ఎ-ఆమ్ అనేవారు, అంటే అందరి తోట. అందరి తోట పక్కన అందరి హాలు కట్టుకున్నారన్నమాట.

ఎవరు కట్టించారు? ఎందుకు?

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా ప్రజలు చందాలు వేసుకుని కట్టించారు. 1905లో పునాది పడింది, 1913లో పూర్తయింది. హైదరాబాద్‌లో పేరున్న పాత కట్టడాల్లో చాలావరకు పాలకులో, నిజాంల దగ్గరి పాయగా వంశపు ప్రభువులో, నవాబులో కట్టించుకున్నవి. దీని కథ వేరు. జనం డబ్బుతో, జనం కూర్చుని మాట్లాడుకోవడానికి కట్టిన భవనం కాబట్టే ఈ కట్టడం మీద నాకు అంత మమకారం. ఫలక్‌నుమా గురించి గంటసేపు చెప్పగలిగిన గైడ్లు కూడా దీన్ని ఒక్క వాక్యంలో దాటేయడం చూస్తే బాధేస్తుంది.

మహబూబ్ అలీ పాషా అంటే జనానికి ఎందుకంత అభిమానమో కూడా చెప్పుకోవాలి. మూడేళ్లు నిండకుండానే, 1869లో, గద్దె మీద కూర్చున్నాడు. పెరిగి పెద్దయ్యేదాకా దివాన్ (ప్రధాని) మొదటి సాలార్‌జంగ్ వంటివాళ్లు రాజ్యం నడిపారు. 1884లో పూర్తి అధికారాలు ఆయన చేతికొచ్చాయి. మారువేషంలో బస్తీల్లో తిరిగేవాడని, ఆయన పేరు తలుచుకుంటే పాము విషం దిగేదని పాతబస్తీలో ఇప్పటికీ కథలు చెప్పుకుంటారు. ఆ కథల్లో నిజమెంతైనా, జనం ఆయన పేరుమీద చేతి నుంచి డబ్బు తీసి ఇచ్చారన్నది మాత్రం కళ్లెదుట కనిపిస్తోంది.

ఆయన పుట్టింది 1866లో కదా, 1905కి నలభై ఏళ్లు ఎలా నిండాయి?

మంచి ప్రశ్న. లెక్క హిజ్రీ క్యాలెండర్‌ది. చాంద్రమానంలో ఏడాదికి సుమారు 354 రోజులే. అలా నలభై ఏళ్లంటే మన లెక్కలో ముప్పై ఎనిమిది ఏళ్ల పది నెలల దాకా వస్తుంది. 1866 ఆగస్టులో పుట్టిన మనిషికి 1905 మధ్యలోనే నలభై నిండుతాయి. నిజాం కాలం నాటి తేదీలు చూసేటప్పుడు హిజ్రీ, ఫసలీ (శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం), ఇంగ్లిష్ సంవత్సరాల మధ్య ఈ తేడా గుర్తుపెట్టుకుంటే చాలా తికమక తప్పుతుంది.

కట్టుబడి జరిగిన ఆ ఎనిమిదేళ్లలో నగరంలో ఏం జరిగింది?

హైదరాబాద్ చరిత్రలోనే అతి పెద్ద విషాదం జరిగింది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. వేల మంది చనిపోయారు, అఫ్జల్‌గంజ్ వైపు ఇళ్లకు ఇళ్లే కొట్టుకుపోయాయి. ఆ వరద తర్వాతే ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించడం, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టడం, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడటం జరిగాయి.

టౌన్ హాల్ గోడలు లేస్తున్నది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఇంకో బాధాకరమైన విషయం, ఎవరి పుట్టినరోజు కోసం మొదలుపెట్టారో ఆయన దీన్ని పూర్తిగా చూడలేదు. మహబూబ్ అలీ ఖాన్ 1911లో కన్నుమూశాడు. భవనం పూర్తయ్యే నాటికి గద్దె మీద ఉన్నది ఆయన కొడుకు, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్.

టౌన్ హాల్ అంటే మున్సిపల్ ఆఫీసా?

కాదు. విదేశాల్లో చాలాచోట్ల సిటీ హాల్ అంటే మేయర్, కౌన్సిల్ కూర్చునే చోటు. మన దగ్గర టౌన్ హాల్ అంటే సభలు, ఉపన్యాసాలు, నాటకాలు జరిగే బహిరంగ మందిరం. కందుకూరి వీరేశలింగం 1890లో రాజమండ్రిలో కట్టించిన టౌన్ హాల్‌ను తలుచుకుంటే విషయం ఇట్టే అర్థమవుతుంది. అక్కడ ఒక సంస్కర్త పూనుకున్నాడు, ఇక్కడ రాజు పేరు మీద ప్రజలు పూనుకున్నారు. ఉద్దేశం మాత్రం రెండు చోట్లా ఒక్కటే, ఊరి జనం కలిసి కూర్చోవడానికి ఒక చోటు.

హైదరాబాద్ మున్సిపాలిటీ కథ విడిగా నడిచింది. 1869లో సాలార్‌జంగ్ హయాంలో నగరాన్ని విభాగాలుగా చేసి మున్సిపల్ పాలన మొదలుపెట్టారు. చాదర్‌ఘాట్‌కు వేరే మున్సిపాలిటీ ఉండేది. 1933లో దాన్ని కలిపి కార్పొరేషన్ చేశారు. 1960లో హైదరాబాద్, సికింద్రాబాద్ కార్పొరేషన్లు ఒక్కటయ్యాయి. 2007లో చుట్టుపక్కల మున్సిపాలిటీలను కలుపుకుని జీహెచ్ఎంసీ వచ్చింది. ఇన్ని మార్పుల్లోనూ టౌన్ హాల్ కార్పొరేషన్ ఆఫీసు కాలేదు.

దీన్ని బ్రిటిష్ ఆర్కిటెక్ట్ విన్సెంట్ ఎష్ కట్టాడంటారు, నిజమేనా?

కాదు. ఎష్ హైదరాబాద్‌కు పని మీద వచ్చింది 1914లో. అప్పటికే టౌన్ హాల్ నిలబడి ఉంది. హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి, కాచిగూడ రైల్వే స్టేషన్ ఎష్ పేరుతో ముడిపడినవి. అన్నిటికీ గుమ్మటాలుంటాయి కాబట్టి జనం ఒకే గాటన కట్టేస్తారు. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ అపోహ పోతుంది.

ఇది ఏ శైలి?

పుస్తకాల్లో ఇండో-సారసెనిక్ అని రాస్తారు. మొఘల్, ఇరానీ, రాజస్థానీ పోకడలు కలిసిన భవనం ఇది. దీని కోసం ఇరాన్ నుంచి, రాజస్థాన్ నుంచి పనివాళ్లను రప్పించారని చెబుతారు. ఆ మాటను పక్కన పెట్టి భవనాన్ని చూసినా ఏది ఎక్కడి నుంచి వచ్చిందో పోల్చుకోవచ్చు.

గుమ్మటాలు చూడండి. పెద్ద గుమ్మటం చుట్టూ, మూలల మీద చిన్నచిన్న ఛత్రీలుంటాయి. నాలుగు స్తంభాల మీద నిలబెట్టిన గొడుగు లాంటి ఈ ఛత్రీ రాజస్థాన్ కోటల్లో అడుగడుగునా కనిపిస్తుంది. కమానుల వరుసల్లో మొఘల్ కట్టడాల ఛాయ ఉంది. అన్నింటికీ పైన, భవనం మొత్తానికి తెల్లటి రంగు ఒక్కటే. సైఫాబాద్ వైపు నుంచి వచ్చేటప్పుడు నౌబత్ పహాడ్ నల్లటి బండల దిగువన ఈ తెలుపు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఫొటోల్లో ఆ తేడా సరిగ్గా పట్టుబడదు, ఎదురుగా నిలబడి చూడాల్సిందే.

బయటి ఆడంబరం కన్నా ఈ భవనంలో నన్ను ఆకట్టుకునేది దాని పొందిక. మధ్యలో ఎత్తైన సభామందిరం, చుట్టూ వసారాలు, గదులు. ఎండ నేరుగా హాల్లోకి రాదు, గాలి మాత్రం వస్తుంది. ఫ్యాన్లు, ఏసీలు లేని రోజుల్లో వందల మంది ఒకచోట కూర్చోవాలంటే గోడ మందం, పైకప్పు ఎత్తు, వసారా వెడల్పు లెక్క చూసుకోవాల్సిందే. ఆ లెక్క మేస్త్రీలకు బాగా తెలుసు.

గోడల మీది పూలు, తీగలు రాతిలో చెక్కినవా?

కావు, సున్నంతో మలిచినవి. గచ్చుపని అంటారు. హైదరాబాద్‌కు ఇది కొత్త విద్య కాదు, చార్మినార్ మీద, కుతుబ్‌షాహీ సమాధుల మీద ఉన్న పూల నగిషీ కూడా ఈ కోవలోదే. నాలుగు వందల ఏళ్లకు పైగా ఈ ఊళ్లో నడుస్తున్న చేతిపని.

ఈ పని ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెబుతాను. సున్నపురాయిని బట్టీలో కాలుస్తారు. కాలిన రాయి మీద నీళ్లు పోస్తే పొగలు కక్కుతూ విరిగి పొడి అవుతుంది. దాన్ని నీళ్లలో రోజుల తరబడి నానబెడతారు, ఎంత నానితే అంత మంచిది. తర్వాత ఇసుక కలిపి డంగులో వేసి తిప్పుతారు. గుండ్రటి గాడిలో రాతి చక్రం తిరుగుతుంటే సున్నం వెన్నలా మెదుగుతుంది. డంగు సున్నం అన్న మాట అక్కడిదే. అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలపడం దక్కన్ మేస్త్రీల పద్ధతి. కరక్కాయను దంచి నానబెట్టి, ఆ నీటిని వడకట్టి పోస్తారు. ఒక్కో మేస్త్రీ పాళ్లు ఒక్కో రకంగా చెబుతాడు.

గోడకు ముందు ముతక పూత, దాని మీద సన్నటి పూత పడతాయి. పై పూత పచ్చిగా ఉండగానే పనిముట్టుతో రేకు రేకుగా పూవును లేపుతారు. ఆరిపోతే వంగదు, మరీ పచ్చిగా ఉంటే నిలవదు. మధ్యలో దొరికే ఆ కాస్త సమయంలోనే చెయ్యి ఆడాలి. అందుకే దగ్గరగా చూస్తే పక్కపక్కనున్న రెండు పూలు కూడా అచ్చుగుద్దినట్టు ఉండవు. ఒకదాని రేకు కొస కాస్త ఎడమకు వాలి ఉంటుంది, ఇంకోదాని మధ్య బొడిపె కాస్త లావుగా ఉంటుంది. అచ్చు పోసిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పనికీ దీనికీ తేడా అక్కడే తెలిసిపోతుంది.

పెచ్చులూడితే సిమెంట్‌తో మెత్తేస్తే సరిపోదా?

సరిపోదు, పైగా అది హాని చేస్తుంది. ఈ ఒక్క విషయం ఎంతమందికి వీలైతే అంతమందికి చెప్పాలని నా తాపత్రయం.

సున్నపు గోడ తేమను పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. వానాకాలంలో తడిసినా ఎండాకాలానికి ఆరిపోతుంది. దాని మీద సిమెంట్ పూత వేస్తే లోపలి తడి బయటికి రావడానికి దారి ఉండదు. తడితో పాటు గోడలోని ఉప్పు కూడా పూత వెనకే పేరుకుంటుంది. కొన్నేళ్లకు సిమెంట్ పెచ్చు ఊడిపోతుంది, పోతూ పోతూ పాత సున్నాన్ని, దాని మీది నగిషీని కూడా పట్టుకుపోతుంది. నూనె రంగులు, ప్లాస్టిక్ పెయింట్లు చేసేదీ అంతే. ఏటా మీద మీద రంగు కొట్టుకుంటూ పోతే పూల రేకుల మధ్య లోతు పూడిపోయి, నగిషీ కాస్తా మొద్దుబారి ముద్దలా కనబడుతుంది.

ఇంకో శత్రువు రావి మొక్క. పిట్ట వేసిన గింజ పిట్టగోడ పగుల్లో పడి మొలుస్తుంది. వేరు లోపలికి దిగాక పైన కోసేస్తే లాభం లేదు, మళ్లీ చిగురేస్తుంది. చిన్నప్పుడే వేరుతో సహా తీసి, ఆ పగులును సున్నంతోనే పూడ్చాలి. వాన నీటి గొట్టాలు పూడుకుపోకుండా చూడటం కూడా అంతే ముఖ్యం. పాత భవనాలు పాడయ్యేది ఎక్కువగా పైకప్పు మీద నిలిచిన నీటితోనే.

టౌన్ హాల్ అసెంబ్లీగా ఎప్పుడు మారింది?

1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. 1952లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగి 175 మంది సభ్యులతో హైదరాబాద్ రాష్ట్ర శాసనసభ ఏర్పడింది. దాని సమావేశాలకు టౌన్ హాల్‌ను తీసుకున్నారు. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి. తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు కలిసిన రాష్ట్రం కాబట్టి తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ మాట్లాడే సభ్యులు ఇదే హాల్లో కూర్చున్నారు.

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక, కర్నూలులో ఉన్న ఆంధ్ర రాష్ట్ర శాసనసభ సభ్యులు కూడా ఇక్కడికే వచ్చారు. అప్పటి నుంచి ఇది ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ అయింది.

ఈ గోడలు విన్న చర్చల్లో ముఖ్యమైనది ఏది?

నా ఉద్దేశంలో 1955 చివర్లో జరిగినది. రాష్ట్రాల పునర్విభజన సంఘం నివేదిక మీద హైదరాబాద్ శాసనసభ చర్చించింది. తెలంగాణ విడిగా ఉండాలా, ఆంధ్రతో కలవాలా అన్నది ప్రశ్న. అభిప్రాయం చెప్పిన 147 మందిలో 103 మంది విలీనానికి మొగ్గారు, 29 మంది ప్రత్యేక రాష్ట్రం కావాలన్నారు, 15 మంది తటస్థంగా ఉన్నారు. ఆ తర్వాత అరవై ఏళ్ల తెలుగు రాజకీయాలన్నీ ఏదో ఒక రూపంలో ఆ చర్చ చుట్టూనే తిరిగాయి.

రోడ్డుకు అటువైపే గన్‌పార్క్ ఉంది. 1969 ఉద్యమంలో ప్రాణాలర్పించినవాళ్ల స్మారకంగా శిల్పి ఎక్కా యాదగిరిరావు రూపొందించిన అమరవీరుల స్థూపం అక్కడుంది. పిల్లలను తీసుకెళ్తే రెండూ కలిపి చూపించండి, ఒకటి లేకుండా ఇంకోదాని కథ పూర్తి కాదు.

పక్కనే అలాంటిదే ఇంకో భవనం ఉంది కదా, అది కూడా పాతదేనా?

కాదు. సభ అవసరాలకు పాత హాలు ఇరుకైపోవడంతో 1980లలో కట్టిన కొత్త అసెంబ్లీ భవనం అది. పాత శైలికి తగ్గట్టే గుమ్మటాలు, కమానులు పెట్టి తెల్లగా కట్టారు. దూరం నుంచి చూస్తే రెండూ ఒకే కాలానివి అనిపిస్తాయి. తేడా పట్టుకోవాలంటే నగిషీ చూడండి, చేతిపని పాతదాని మీద ఉంది. కొత్తదాన్ని అద్దాల పెట్టెలా కట్టకుండా పక్కనున్న పెద్ద కట్టడానికి మర్యాద ఇచ్చి కట్టారు. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లను మెచ్చుకోవాలి.

జూబ్లీ హాల్, టౌన్ హాల్ ఒకటేనా?

కాదు, వేర్వేరు. జూబ్లీ హాల్ కూడా పబ్లిక్ గార్డెన్స్‌లోనే ఉంది. ఏడో నిజాం పాలనకు పాతికేళ్లు నిండిన సందర్భంగా 1937లో రజతోత్సవాలు అక్కడ జరగడంతో ఆ పేరు స్థిరపడింది. శాసనమండలి 1985లో రద్దయి 2007లో తిరిగి వచ్చినప్పుడు సమావేశాలు జూబ్లీ హాల్లోనే పెట్టారు.

రాష్ట్ర విభజన తర్వాత ఏమైంది?

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. కొంతకాలం రెండు రాష్ట్రాల శాసనసభలూ ఈ ప్రాంగణంలోనే నడిచాయి. 2017లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ అమరావతిలోని వెలగపూడికి మారింది. ఇప్పుడు ఇది 119 నియోజకవర్గాల తెలంగాణ శాసనసభ ప్రాంగణం.

ఎర్రమంజిల్‌కి అసెంబ్లీ మారుతుందని అన్నారు, ఆ సంగతేంటి?

2019 జూన్‌లో ఎర్రమంజిల్‌లో కొత్త అసెంబ్లీకి అప్పటి ప్రభుత్వం శంకుస్థాపన చేసింది. అక్కడ నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన పాత ప్యాలెస్ ఉంది. దాన్ని కూల్చాల్సి వస్తుందని చాలామంది కోర్టుకెళ్లారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో హైకోర్టు ప్రభుత్వ నిర్ణయాన్ని కొట్టేసింది. ఒక పాత కట్టడం నుంచి ఖాళీ చేసి వెళ్లడానికి ఇంకో పాత కట్టడాన్ని పడగొట్టడం ఏ రకంగానూ సరైంది కాదు. ఆ కేసు వేసినవాళ్లకు ఈ నగరం రుణపడి ఉంది.

పునరుద్ధరణ పనులు ఎవరు చేపట్టారు?

పాత అసెంబ్లీ భవనం పనిని ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ చేపట్టింది. కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణ చేసింది వీళ్లే. శాసనమండలిని జూబ్లీ హాల్ నుంచి ఇక్కడికి తేవాలన్న ఆలోచనతో ఈ పని మొదలైంది. ఇది మంచి ఆలోచన. వాడుకలో ఉన్న భవనానికి రోజూ తలుపులు తెరుస్తారు, కారితే వెంటనే కనిపిస్తుంది, ఎవరో ఒకరు పట్టించుకుంటారు. తాళం వేసి వదిలేసిన భవనం కొన్ని వానాకాలాలకే కుంగిపోతుంది. కొత్తగా వైర్లు, ఏసీ గొట్టాలు వేసేటప్పుడు సున్నపు గోడలకు బెజ్జాలు కొట్టకుండా చూసుకుంటే చాలు.

మామూలు జనం లోపలికి వెళ్లి చూడొచ్చా?

మ్యూజియంలా టికెట్ కొని వెళ్లే చోటు కాదు. అసెంబ్లీ ప్రాంగణం కాబట్టి భద్రత గట్టిగా ఉంటుంది, పాస్ కావాలి. సమావేశాలు జరుగుతున్నప్పుడు సందర్శకుల గ్యాలరీకి పాస్ కోసం మీ ఎమ్మెల్యే ఆఫీసులో అడగండి. పాస్ వచ్చినా సెల్‌ఫోన్, కెమెరా లోపలికి తీసుకెళ్లే ఆశ పెట్టుకోకండి.

సమావేశాలు లేని రోజుల్లో, వారానికి ఒక్క పూటైనా, పాత భవనాన్ని జనానికి చూపించాలన్నది నా గట్టి కోరిక. చందాలిచ్చి కట్టుకున్నవాళ్ల మనవలు, మునిమనవలు ఈ ఊళ్లోనే ఉన్నారు. పిల్లలను గుంపులుగా తీసుకెళ్లి ఒక గైడ్‌తో చూపిస్తే భద్రతకు వచ్చే ఇబ్బంది పెద్దగా ఉండదు.

పాస్ దొరక్కపోతే బయటి నుంచి ఎలా చూడాలి?

మెట్రోలో అసెంబ్లీ స్టేషన్‌లో దిగండి, ఎర్ర లైన్ మీద ఉంటుంది. పొద్దున్నే అయితే ట్రాఫిక్ తక్కువ, ఎండ కూడా నెత్తి మీద ఉండదు. వెలుగు పక్కనుంచి పడుతుంది కాబట్టి గుమ్మటాల గుండ్రం, కమానుల లోతు బాగా తెలుస్తాయి. మిట్టమధ్యాహ్నం తెల్లటి గోడ మీద అంతా చదునుగా కనబడుతుంది.

ప్రాంగణం ముందు ధ్యానముద్రలో కూర్చున్న మహాత్మా గాంధీ విగ్రహం ఉంది. ఫుట్‌పాత్ మీద నుంచి చూడొచ్చు. గేట్ల దగ్గర ఫొటోలు తీసేముందు అక్కడున్న పోలీసులను ఒక మాట అడగండి. ఆ తర్వాత పబ్లిక్ గార్డెన్స్‌లోకి వెళ్లి రాష్ట్ర మ్యూజియం చూడొచ్చు. పిల్లలకు అక్కడి ఈజిప్టు మమ్మీ అంటే భలే ఇష్టం. సమావేశాలు నడిచే రోజుల్లో మాత్రం చుట్టుపక్కల రోడ్ల మీద ఆంక్షలుంటాయి, ట్రాఫిక్ టెన్షన్ తప్పదు. వార్తల్లో తేదీలు చూసుకుని బయలుదేరండి.